‘సేకరణ’ అంటే సరిపోదు

వ్యాసం కింద రాసిన మనిషి పేరు తీసేసి ఆ చోట ‘సేకరణ’ అని పెట్టడం ఇప్పుడు మన ఫోన్లలో ఆచారమైపోయింది. ఫిబ్రవరి 15 వస్తే సేవాలాల్ మహరాజ్ మీద, ఆగస్టు 9 వస్తే ఆదివాసీ దినోత్సవం మీద, సెప్టెంబర్ 2 వస్తే 1947లో మన పరకాలలో నిజాం బలగాలు జరిపిన కాల్పుల మీద వ్యాసాలు గుంపుల నుంచి గుంపులకు తిరుగుతుంటాయి. చాలా వాటి కింద అదే ఒక్క మాట. ఎవరు రాసిండ్రు? ఎక్కడ అచ్చయింది? ఏ సంవత్సరం? అడిగితే ‘నాకు వచ్చింది, నేను పంపిన’ అంటరు. అంతటితో బాధ్యత తీరిపోయినట్టు.

సేకరణ అంటే ఏమిటో ఆదివాసులకు వేరే ఎవరూ చెప్పనక్కరలేదు. ఎండాకాలంలో తెల్లవారుజామున లేచి అడవికి పోయి తునికాకు తెంపి, 50 ఆకులకు ఒక కట్ట కట్టి, కల్లానికి మోసుకొచ్చే ఆడమనిషికి తెలుసు. కల్లం దగ్గర కల్లేదారు ఆమె కట్టలు లెక్కబెట్టి, ఆమె పేరు మీద రాస్తాడు. ఒక్క కట్ట తక్కువ రాసినా ఆమె ఊరుకోదు. ఆకుకు ఉన్న లెక్క అక్షరానికి ఎందుకు లేదు? ఒక ఆకు ఎవరు తెంపారో రాసే పుస్తకం ఉన్నప్పుడు, ఒక వ్యాసం ఎవరు రాశారో చెప్పే ఒక్క వరుస బరువైపోయిందా? అడవిలో సేకరించేటోళ్లు కష్టపడి తెస్తరు. ఫోనులో సేకరించేటోళ్లు ఒకరి కష్టం కింద ఉన్న పేరును వేలితో చెరిపి పంపుతరు. రెండింటికీ ఒకే మాట వాడటం మొదటిదాన్ని అవమానించడమే.

ఈ మాటకు రెండు వైపుల నుంచీ కోపాలు వస్తాయని తెలుసు. ‘ఇంటర్నెట్లో పెట్టినంక అది అందరిది, ఇంకా నీ పేరేంది’ అని ఒక వైపు. ‘నా వ్యాసం ఎవరూ పంచుకోవద్దు, కాపీరైటు నాది’ అని మన రాసేవాళ్లలోనే ఇంకో వైపు. ఇద్దరూ తప్పే అంటున్నాను. పంచుకోవడం దొంగతనం కాదు, పేరు తెంపడం దొంగతనం. మనం గట్టిగా పట్టుకోవలసింది ఈ తేడాను.

మొదట చట్టం ఏమంటుందో చూద్దాం. మన దేశంలో కాపీరైటు చట్టం 1957లో వచ్చింది. దాని ప్రకారం ఒక వ్యాసం రాసిన క్షణం నుంచే అది రాసినవాళ్లది. ఎక్కడా నమోదు చేయించుకోనక్కరలేదు. నమోదు చేయించుకోవచ్చు, అది ఇష్టం. సున్నా చుట్టి అందులో ఇంగ్లిషు అక్షరం పెట్టకపోయినా హక్కు పోదు. రాసినవాళ్లు బతికినంత కాలం, పోయిన తర్వాత ఇంకో 60 ఏళ్లు ఆ హక్కు ఉంటుంది. అంతకుముందు 50 ఏళ్లే ఉండేది. రవీంద్రనాథ్ టాగూర్ 1941లో పోయారు కాబట్టి 1991 చివరికి ఆయన రచనల మీద విశ్వభారతికి ఉన్న హక్కు ముగిసిపోతుందని గడువును పదేళ్లు పెంచారు. ఒక మహాకవి కోసం చట్టాన్నే సాగదీసిన దేశం ఇది. తండా నుంచి రాసే పిల్లకు కూడా ఆ చట్టమే వర్తిస్తుంది. ఆ పిల్లకు ఆ సంగతి చెప్పినవాళ్లే లేరు.

ఆ చట్టంలో 57వ సెక్షన్ ఒకటుంది. దాన్ని ప్రతి ఆదివాసీ రచయితా నోటికి నేర్చుకోవాలి. రాసిన హక్కును అమ్ముకున్నా సరే, ‘ఇది నేను రాసింది’ అని చెప్పుకునే హక్కు మాత్రం రచయిత దగ్గరే మిగులుతుందని అది చెబుతుంది. రచయిత పరువుకు భంగం కలిగేలా ఆ రచనను నరికినా, వంకర తిప్పినా అడ్డుకునే హక్కు కూడా ఇస్తుంది. శిల్పి అమర్‌నాథ్ సెహగల్ ఢిల్లీ విజ్ఞాన్ భవన్ గోడకు చేసిన కంచు శిల్పాన్ని ప్రభుత్వం డబ్బిచ్చి చేయించుకుంది. 1979లో దాన్ని పీకి గోదాములో పడేసింది. ఆయన కోర్టుకు పోయాడు. 2005లో ఢిల్లీ హైకోర్టు ఆయన వైపే తీర్పు చెప్పింది. శిల్పాన్ని తిరిగి ఆయనకు అప్పగించమని, 5 లక్షల పరిహారం ఇమ్మని ప్రభుత్వాన్ని ఆదేశించింది. డబ్బు పెట్టి కొన్న ప్రభుత్వానికే అట్లా చేసే అధికారం లేకపోతే, ఒక్క పైసా పెట్టకుండా ఫార్వర్డు కొట్టేవాళ్లకు ఎక్కడిది?

పేరు పోవడంతోనే ఆగిపోదు. తీజ్ పండుగ మీద నేను రాసిన ఒక వ్యాసం ఏడాది తర్వాత నా ఫోనుకే తిరిగి వచ్చింది. ఒక వెబ్‌సైటు వేసుకుంది, అక్కడి నుంచి గుంపుల్లోకి పాకింది. పేరు లేదు, సరే. ‘తండా’ అని నేను రాసిన ప్రతి చోటా ‘గూడెం’ అని మార్చారు. గోర్ బోలి మాటలు తీసేసి వాటికి సంస్కృతపు మాటలు పెట్టారు. బుట్టల్లో గోధుమలు మొలకెత్తించి తొమ్మిది రోజులు పెళ్లికాని ఆడపిల్లలు నీళ్లు పోసి పాడుకునే పండుగను ఎవరో అమ్మవారి నోముగా తేల్చారు. చదివినవాళ్లు అదే నిజమనుకుంటరు. నా పేరుంటే కనీసం నన్ను అడిగేవాళ్లు. పేరు లేని వ్యాసాన్ని సరిచేసే దారి లేదు. తప్పును పట్టుకోవడానికి ఒక మనిషి దొరకాలి గదా!

మన రాతకు ఇది మామూలు నష్టం కాదు. పట్నంలో పది పుస్తకాలున్న రచయిత వ్యాసం పేరు లేకుండా తిరిగినా ఆయన శైలిని గుర్తుపట్టేవాళ్లు ఉంటారు. ఆయన సమగ్ర సంపుటాలు లైబ్రరీల్లో ఉంటాయి. మనకు అచ్చులో ఉన్నది ఎంత? గోర్ బోలికి సొంత లిపి లేదు, తెలుగులోనో దేవనాగరిలోనో రాసుకుంటున్నాం. గోండులకు గుంజాల గ్రామంలో దొరికిన రాతప్రతుల లిపి ఉన్నా, కంప్యూటర్లు గుర్తించే యూనికోడ్‌లోకి అది వచ్చింది 2018లో. మన మొదటి తరం కథ, మొదటి తరం వ్యాసం ఇప్పుడే పుడుతున్నాయి. రమేశ్ కార్తీక్ నాయక్ ‘ఢావ్లో’ కథలకు 2024లో కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చిందంటే, ఆ కథల మీద ఆయన పేరు ఉన్నందుకే వచ్చింది. అవే కథలు ‘సేకరణ’ అని తిరిగి ఉంటే ఏ అకాడమీ ఎవరిని పిలిచేది?

మేడారం సంగతి చూడండి. రెండేళ్లకోసారి జాతర వస్తుంది. కరీంనగర్ దిక్కు నుంచి పోయే బండ్లు మన పరకాల మీది నుంచే పోతాయి. ఆ నెల రోజులూ ఫోన్లలో సమ్మక్క కథ ప్రవాహంలా వస్తుంది. అందులో కోయలు చెప్పుకునే కథ ఎంత, బయటివాళ్లు కలిపింది ఎంత? డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ ఇచ్చారు. పడిగెల మీది బొమ్మలు చూపుతూ డోలి కొడుతూ కోయలు పాడుకునే చరిత్ర అది. ఆ చరిత్ర చెప్పినవాళ్ల పేర్లతో, ఊర్లతో తిరిగితే, రెండు కథలను పక్కపక్కన పెట్టి ఏది ఎవరిదో చదివేవాళ్లే తేల్చుకుంటరు. అన్నిటి కిందా ‘సేకరణ’ అని ఉంటే గొంతు పెద్దగా ఉన్నవాడి కథే నిలుస్తుంది. మన దేవతల కథ మన నోట్లోంచి జారిపోయేది ఇట్లాగే.

ఇప్పుడు రెండో వైపు. చట్టాన్ని చూసి భయపడి, ‘కాపీరైటు ఉంది కాబట్టి ఎవరూ తాకొద్దు’ అనే మన రచయితలకు చెప్పవలసింది ఉంది. కాపీరైటు చట్టంలో తాళం ఎంత ఉందో తలుపు కూడా అంతే ఉంది. ఆ తలుపు పేరు 52వ సెక్షన్. సొంతంగా చదువుకోవడానికి, పరిశోధన చేసుకోవడానికి, ఒక రచనను విమర్శించడానికి, సమీక్షించడానికి, జరుగుతున్న సంగతులను తెలియజేయడానికి ఇతరుల రచనను న్యాయమైన మేరకు వాడుకోవచ్చునని అది చెబుతుంది. పంతులు పాఠం చెప్పేటప్పుడు, పిల్లలు పాఠం నేర్చుకునేటప్పుడు వాడుకోవచ్చు. చూపు లేనివాళ్లు చదువుకునే రూపంలోకి మార్చి ఇవ్వవచ్చు. అమెరికాలో దీన్నే ఫెయిర్ యూజ్ అంటరు, మన దగ్గర ఫెయిర్ డీలింగ్ అంటరు. ఎంత వాడితే న్యాయం అన్నదానికి చట్టంలో ఇన్ని మాటలు, ఇన్ని వరుసలు అనే కొలత లేదు. ‘పది శాతం దాకా వేసుకోవచ్చు’ అని తిరిగే మాట ఎవరో పుట్టించిందే.

ఆ కొలత ఎట్లా చూస్తారో కేరళలో జరిగిన ఒక కేసు చెబుతుంది. తోప్పిల్ భాసి రాసిన ‘నింగళెన్నె కమ్యూనిస్టాక్కి’ అనే నాటకం అక్కడ కమ్యూనిస్టు ఉద్యమానికి జెండాలాంటిది. ‘మీరు నన్ను కమ్యూనిస్టును చేశారు’ అని దాని అర్థం. దానికి జవాబుగా సివిక్ చంద్రన్ 1995లో ఒక ఎదురు నాటకం రాసిండు. ఆ ఉద్యమం కోసం నెత్తురిచ్చిన దళితులకు, భూమి లేని కూలీలకు చివరికి ఏం మిగిలిందని అందులో అడిగిండు. అడగడానికి పాత నాటకంలోని పాత్రలను, మాటలను చాలా వాడుకున్నాడు. తోప్పిల్ భాసి భార్య కాపీరైటు కేసు వేశారు. కేరళ హైకోర్టు 1996లో మూడు సంగతులు చూసింది. తీసుకున్నది ఎంత, దాని మీద చేసిన వ్యాఖ్యానం ఎంత? తీసుకున్నది దేనికి? రెండోది వచ్చి మొదటిదాని కడుపు కొడుతుందా? ఈ మూడూ చూసి, ఇది విమర్శ, దొంగతనం కాదు, నాటకం ఆడుకోవచ్చు అని చెప్పింది.

ఈ కేసును మనం ఎందుకు గుర్తుపెట్టుకోవాలి? మన గురించి రాసిందంతా ఇంతకాలం ఎవరో రాసిందే. మనల్ని దొంగజాతి అని, అమాయకులు అని, నాగరికత తెలియనివాళ్లు అని రాసిన పుస్తకాలకు జవాబు చెప్పాలంటే వాటి వాక్యాలను ఎత్తి చూపాలి. ‘ఇదిగో, ఈ పేజీలో ఇట్లా రాసిండ్రు, ఇది అబద్ధం’ అని చెప్పాలి. అందుకు ఆ రచయిత అనుమతి అడగాలంటే ఎవరిస్తరు? తనను తిట్టుకోవడానికి తాళం చెవి ఎవరైనా ఇస్తారా? అడగకుండానే ఆ వాక్యాన్ని ఎత్తి చూపే దారి ఇచ్చింది 52వ సెక్షన్. ఈ తలుపును అందరికంటే ఎక్కువ వాడుకోవలసింది మనమే. కాపీరైటు అనే మాట విని ఆ తలుపును మనమే మూసుకుంటే నష్టపోయేది మనమే.

చదువు విషయంలోనూ అంతే. ఢిల్లీ విశ్వవిద్యాలయం దగ్గర రామేశ్వరి అనే ఒక చిన్న జిరాక్సు దుకాణం ఉండేది. పాఠానికి కావలసిన పేజీలను పుస్తకాల్లోంచి జిరాక్సు తీసి విద్యార్థులకు కట్టలు కట్టి ఇచ్చేది. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ అనే మూడు పెద్ద ప్రచురణ సంస్థలు 2012లో ఆ దుకాణం మీద కేసు వేశాయి. 2016 సెప్టెంబరులో ఢిల్లీ హైకోర్టు, చదువు చెప్పడానికి అవసరమైనంత మేరకు అట్లా నకళ్లు తీసుకోవడం తప్పు కాదని తీర్పు ఇచ్చింది. అదే ఏడాది డిసెంబరులో ఇద్దరు జడ్జీల బెంచి కూడా ఆ దారినే సమర్థించింది. 2017లో ప్రచురణ సంస్థలు కేసు వదులుకున్నాయి. వేల రూపాయల పుస్తకం కొనలేని పిల్లల పక్షాన నిలబడిన తీర్పు అది. ఆశ్రమ పాఠశాలలో, గురుకులంలో చదివే మన పిల్లలు ఆ వరుసలోని వాళ్లే. అట్లాంటప్పుడు మన వ్యాసాన్ని పిల్లలకు జిరాక్సు తీసి పంచిన పంతులు మీద మనమే కోపగించుకోవడం ఏం న్యాయం?

అయితే అన్నిటినీ ఈ తలుపులోంచి తోసుకుపోలేం. వందల మంది ఉన్న గుంపులోకి ఒక పుస్తకం మొత్తాన్ని పీడీఎఫ్ చేసి వదలడం ‘సొంత చదువు’ కిందికి రాదు. దైనిక్ జాగరణ్ పత్రిక, తన ఈ-పేపరును పీడీఎఫ్‌లుగా టెలిగ్రామ్‌లో పంచుతున్న చానళ్ల మీద కోర్టుకు పోతే, 2020 మేలో ఢిల్లీ హైకోర్టు వాటిని తీసేయమని, నడిపేవాళ్ల వివరాలు ఇమ్మని ఆదేశించింది. పెద్ద పత్రికకు వకీళ్లున్నారు, పోయింది. చేతిలోంచి డబ్బు పెట్టుకుని మూడు వందల కాపీలు అచ్చు వేయించుకున్న తండా రచయితకు ఎవరున్నారు? పుస్తకం బయటికి వచ్చిన వారానికే మొత్తం ఫొటోలు తీసి గుంపులో పెడితే, మిగిలిన కట్టలు మంచం కిందే ఉంటాయి. అభిమానంతో చేసినా అది ఆయన అప్పును పెంచడమే. ఒక పేజీ పెట్టండి, రెండు పేజీలు పెట్టండి. పుస్తకం ఎక్కడ దొరుకుతుందో, వెల ఎంతో రాయండి. న్యాయమైన వాడకం అంటే అది.

రచయితలు తెలుసుకోవలసిన ఇంకో సంగతి. వర్తమాన ఆర్థిక, రాజకీయ, సామాజిక, మత విషయాల మీద వచ్చిన వ్యాసాన్ని వేరే పత్రిక తిరిగి అచ్చు వేసుకోవచ్చునని 52వ సెక్షన్‌లోనే ఉంది. రచయిత ముందుగానే ‘ఆ హక్కు నాది’ అని స్పష్టంగా చెప్పి ఉంటే మాత్రం వేసుకోకూడదు. పోడు భూముల మీద, రిజర్వేషన్ల మీద, పాఠశాలల మీద మనం రాసేవన్నీ వర్తమాన విషయాలే. కాబట్టి వద్దనుకుంటే ఆ ఒక్క వరుస వ్యాసం కిందే రాయాలి. తర్వాత గొడవపడి లాభం లేదు. హక్కును రాసి ఇవ్వాలంటే కాగితం మీద సంతకం ఉండాలని 19వ సెక్షన్ చెబుతుంది. ఎంతకాలానికో రాయకపోతే అయిదేళ్లకే అని లెక్క. నోటిమాటగా ‘మాకిచ్చిండు’ అంటే చెల్లదు. ఎవరైనా అచ్చుకు కాగితం తెచ్చి సంతకం పెట్టమంటే, ఆ కాగితాన్ని చదివి పెట్టండి. మన తాతలు వేలిముద్రలు వేసి భూములు పోగొట్టుకున్న జాతులం మనం.

ఇక పాటల దగ్గరికి వద్దాం. ‘సేకరణ’ అనే మాట మొదట పుట్టింది అక్కడే. మన ముసలమ్మ ముందు మైకు పెట్టి పాడించుకుని పోయి, పుస్తకం వేసి, అట్ట మీద ‘సేకర్త’ అని తన పేరు, లోపల ‘సర్వహక్కులు సేకర్తవి’ అని వేసుకున్న పెద్దమనుషులు కొందరున్నారు. పాడినామె పేరు లోపలి పేజీల్లోనూ వెతకాలి. ఇప్పుడు ఆ పని యూట్యూబు చేస్తున్నది. తండాకు వచ్చి వీడియో తీసుకుంటరు. లక్షల మంది చూస్తరు. కింద ‘జానపదం’ అని ఉంటది. ‘జానపదం’ అంటే జనాల పాట అని అర్థం గాని, ఎవరికీ జవాబు చెప్పనక్కరలేని పాట అని కాదు. 2021లో ‘సారంగ దరియా’ పాట సినిమాలోకి వచ్చినప్పుడు, అంతకుముందే టీవీ వేదిక మీద దాన్ని పాడిన గాయని తన మాటేమిటని అడిగింది. రాష్ట్రమంతా చర్చ జరిగింది. ఆమె అడిగింది కాబట్టి జరిగింది. అడగని ముసలమ్మలు ఎందరో!

చట్టంలో పాత పాటకు కాపీరైటు దొరకదు, నిజమే. రచయిత ఎవరో తెలియదు, ఎన్ని తరాలదో తెలియదు. కాని పాడే మనిషికి హక్కు ఉంది. ఈ సంగతి చాలామందికి తెలియదు. 1994 సవరణతో ప్రదర్శకుల హక్కు వచ్చింది. ప్రదర్శకులు అంటే ఎవరో చట్టమే లెక్కబెట్టింది. నటులు, గాయకులు, వాద్యకారులు, నృత్యం చేసేవాళ్లు, గారడీవాళ్లు, చివరికి పాములాడించేవాళ్లు కూడా అందులో ఉన్నారు. వాళ్ల ప్రదర్శనను వాళ్ల ఒప్పుకోలు లేకుండా రికార్డు చేసి అమ్ముకోకూడదు. ఆ హక్కు 50 ఏళ్లు ఉంటుంది. 2012 సవరణ ఇంకో మెట్టు ఎక్కించింది. ప్రదర్శించిన మనిషి పేరు చెప్పాలి, ప్రదర్శనను పరువు పోయేలా వక్రీకరించకూడదు అన్నది. అంటే తండాలో మంచం మీద కూర్చుని పాడిన అవ్వకు, సినిమా గాయనికి ఉన్నంత హక్కూ ఉంది. ఆ అవ్వ ముందు ఫోను పట్టుకుని నిలబడిన పిల్లగాడికి అది తెలియాలి.

ఇది మన ఒక్కరి గోస కాదు. తైవాన్‌లో అమిస్ అనే ఆదివాసీ తెగకు చెందిన డిఫాంగ్ అనే ముసలాయన, ఆయన భార్య తమ తెగ పాట పాడారు. ఆ రికార్డింగును ఎనిగ్మా అనే సంగీత బృందం తన పాటలో కలిపేసుకుంది. 1990లలో ఆ పాట ప్రపంచమంతా మోగింది. 1996 అట్లాంటా ఒలింపిక్స్ ప్రచారానికి కూడా వాడారు. తమ గొంతు అని ఆ ముసలి దంపతులకు తర్వాత తెలిసింది. కోర్టుకు పోయారు. 1999లో అవతలివాళ్లు రాజీకి వచ్చారు, వాళ్ల పేరును ఒప్పుకున్నారు. కొండల్లోని ఇద్దరు ముసలివాళ్లు అడిగి సాధించింది ఇది. అడగడం నేర్చుకోవాలి.

‘ఆదివాసుల పాట అందరిది, దానికి ఒక మనిషి పేరు పెట్టి మీరే ఉమ్మడితనాన్ని చెడగొడుతున్నారు’ అని కొందరు చదువుకున్నవాళ్లు మనకే నీతి చెబుతరు. వినడానికి బాగుంటుంది. మన ఉమ్మడితనం ఎట్లా ఉంటుందో వాళ్లకు తెలియదు. ఢావ్లో ఏడుపు పాట, దాన్ని సంబురంలో పాడరు. తీజ్ పాట ఆ తొమ్మిది రోజులదే. కోయ వేల్పుల పడిగెను ఎప్పుడుపడితే అప్పుడు, ఎవరుపడితే వాళ్లు విప్పరు. గోండుల వంశ కథలను కిక్రి వాయిస్తూ చెప్పేది పర్ధానులు. ఏ పర్ధాను ఏ ఇంటివాళ్లకు చెప్పాలో కూడా తరాల నుంచి కట్టుబాటు ఉంది. ఎవరు పాడాలి, ఎప్పుడు పాడాలి, ఎవరి ముందు పాడాలి అన్నది మన దగ్గర రాయని చట్టం. ఉమ్మడిది అంటే కాపలా లేనిది కాదు. ఉమ్మడి చెరువు అంటే ఎవరుపడితే వాళ్లు తూము విప్పుకుపోయే చెరువా? మన పాటకు ఉమ్మడి హక్కు ఉందని ఒప్పుకునేవాళ్లు అయితే, ఆ తెగ పేరు, ఆ ఊరు పేరు, పాడిన మనిషి పేరు మూడూ రాయండి. మూడూ తీసేసి తమ పేరు పెట్టుకునేవాళ్లు ఉమ్మడితనం గురించి మాట్లాడొద్దు.

‘ఇంత చిన్నదానికి ఇంత లొల్లా’ అనేవాళ్లూ ఉన్నారు. కోర్టుకు పొమ్మని ఎవరినీ అనడం లేదు. కాపీరైటు ఉల్లంఘనకు ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా ఉన్నాయని 63వ సెక్షన్ చెబుతున్నా, ఫార్వర్డు చేసిన మన మేనల్లుడిని జైలుకు పంపాలని ఎవరికీ లేదు. కావలసింది అలవాటు మారడం. చెప్పులు విడిచి ఇంట్లోకి వచ్చే అలవాటు ఎట్లా వచ్చిందో, పేరుతో పాటు పంపే అలవాటు అట్లా రావాలి.

అందుకు మన చేతిలో ఉన్న పనులు కొన్ని ఉన్నాయి. వ్యాసం పంపేటప్పుడు వీలైతే లింకు పంపండి. లింకు నొక్కితే రచయిత దగ్గరికే పోతరు, పేరు ఎక్కడా రాలిపోదు. స్క్రీన్‌షాట్ తీస్తే శీర్షిక, పేరు, పత్రిక పేరు, తేదీ కనిపించేలా తీయండి. కొంత భాగమే పంపితే ఎక్కడ ఆపారో చెప్పండి. ఒక్క మాట కూడా మార్చకండి, మార్చాలనిపిస్తే మీ మాటగా కింద వేరే రాయండి. పేరు లేని వ్యాసం మీకు వస్తే, పంపినవాళ్లను ‘ఎవరిది?’ అని అడగండి. జవాబు రాకపోతే ముందుకు పంపకండి. పాట రికార్డు చేసేముందు, దాన్ని ఎక్కడ పెడతారో పాడేవాళ్లకు వాళ్ల భాషలో చెప్పండి. వద్దంటే ఫోను జేబులో పెట్టుకోండి. డబ్బు వస్తే వాళ్లకు వాటా ఇవ్వండి.

సంపాదకులకు, ప్రచురణకర్తలకు ఒక మాట. మన సంకలనాల్లో ‘సర్వహక్కులు ప్రచురణకర్తవి’ అనే పాత వరుసను తీసేయండి. అది ఎవరి దగ్గరో చూసి అచ్చు వేసుకున్న వరుస. దాని చోట ప్రతి వ్యాసం కిందా ఇట్లా వేద్దాం: ‘ఈ వ్యాసాన్ని రచయిత పేరుతో, మార్చకుండా ఎవరైనా పంచుకోవచ్చు, చదివి వినిపించవచ్చు, పాఠంగా చెప్పవచ్చు. డబ్బు కోసం వేసుకోవాలంటే రచయితను అడగాలి.’ ప్రపంచంలో క్రియేటివ్ కామన్స్ అని ఇట్లాంటి అనుమతి పత్రాలు ఉన్నాయి. తెలుగు వికీపీడియా ఆ దారిలోనే నడుస్తున్నది, అక్కడి రాతను పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు. మనం మన మాటల్లోనే రాసుకుందాం. ఈ వరుస ఉంటే పంచుకునేవాళ్లకు భయం ఉండదు, రాసినవాళ్లకు అన్యాయం జరగదు. పాటలు అచ్చు వేస్తే పాడినవాళ్ల పేరు, ఊరు పాట పైనే పెట్టండి. సేకరించినవాళ్ల పేరు కింద పెట్టండి. ఇంతకాలం ఉన్న వరుసను తిప్పితే చాలు.

మన తల్లులు, తాతలు లక్షల మాటలు చెప్పి పోయారు, వాళ్ల పేర్లు ఎక్కడా లేవు. అప్పుడు మనకు అక్షరం లేదు, అడిగే నోరు లేదు. ఇప్పుడు రెండూ ఉన్నాయి. మన రాత ఊరూరా తిరగాలి, గుంపు గుంపుకూ పోవాలి, చదవనివాళ్లకు కూడా చదివి వినిపించాలి. ఎవరూ ఆపొద్దు. కాని అది ఎవరి రాతో చెప్పి పంపండి. చెప్పనివాళ్లను, వాళ్లు మనవాళ్లయినా సరే, గుంపులోనే నిలబెట్టి అడుగుదాం.